సాక్షులు లేని రుణపత్రం

కెన్యాలోని మొంబాసా రేవును రాజధాని నైరోబీతో కలుపుతూ 2017లో ప్రారంభమైన కొత్త రైలుమార్గానికి సుమారు 360 కోట్ల డాలర్లు వ్యయం కాగా, అందులో దాదాపు 90 శాతం చైనా ఎగుమతి దిగుమతుల బ్యాంకు ఇచ్చిన రుణమే. ఒప్పందం కుదిరిన 2014 నాటికి ఓటుహక్కు లేని పిల్లలు, ఇంకా పుట్టనివారు కూడా ఆ రుణభారాన్ని మోయవలసి ఉన్నందున, తాను చేయని అప్పుకు ఒక తరం ఏ ధర్మాన్ని బట్టి బద్ధమవుతుందన్న ప్రశ్న తప్పనిసరిగా ఎదురవుతుంది.

ఈ ప్రశ్నను కుటుంబం పరిధిలో ధర్మశాస్త్రాలు లోతుగా విచారించాయి. తండ్రి అప్పును కొడుకు తీర్చాలని విధించిన యాజ్ఞవల్క్య స్మృతి, మద్యానికీ కామానికీ జూదానికీ చేసిన అప్పులను ఆ విధి నుండి మినహాయించింది. దీనికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను ఆధారం చేసుకుని 13వ శతాబ్దంలో కేతన తెలుగు పద్యకృతి వెలయించాడు కనుక, ఈ విచక్షణ తెలుగువారికి చిరపరిచితమే. అలెగ్జాండర్ సాక్ 1927లో ప్రతిపాదించిన గర్హ్యరుణ సిద్ధాంతం, అనగా నిరంకుశ పాలకులు దేశావసరాలకు కాక స్వప్రయోజనానికి చేసిన అప్పు, రుణదాతకు ఆ సంగతి తెలిసి ఉన్నప్పుడు, ప్రజలను బంధించదన్న వాదం, రాజ్యాల విషయంలో దాదాపు ఇదే మాట చెబుతుంది.

అయితే కెన్యా రుణం ఈ మినహాయింపుల్లో ఇమడదు. అప్పు చేసింది ఎన్నికైన ప్రభుత్వం, రైళ్లు నడుస్తున్నాయి, వాటి ప్రయోజనం రాబోయే తరానికీ దక్కుతుంది. దోషం మరొకచోట ఉంది. అప్పుకు సాక్షులతో కూడిన లేఖ్యం, అంటే రాతపత్రం, ఉండాలని యాజ్ఞవల్క్యుడే నిర్దేశించాడు; ప్రజల పేరిట చేసే అప్పుకు ప్రజలకంటే తగిన సాక్షులు ఎవరుంటారు? కెన్యా ఒప్పందాలు మాత్రం ఏళ్ల తరబడి గోప్యంగా ఉండిపోయి, 2022 నవంబరులో కొంత మేరకే వెలుగు చూశాయి. దేశానికున్న అప్పుల్లో ఈ రైలుమార్గానిది ఒక భాగమే అయినా, పన్నులు పెంచే ఆర్థిక బిల్లుపై 2024 జూన్‌లో యువత వీధుల్లోకి వచ్చి ప్రాణాలు సైతం కోల్పోవడానికి కారణమైన ఆగ్రహంలో, తమను అడగకుండా తమ భవిష్యత్తును తాకట్టు పెట్టారన్న న్యాయమైన బాధ ఉంది.

కనుక అప్పును పూర్తిగా ఎగవేయడం ధర్మం కాదు, దాచిన షరతులన్నిటినీ యథాతథంగా ఆ యువతపై మోపడమూ ధర్మం కాదు. గోప్యతకు అంగీకరించిన రుణదాత కూడా నష్టంలో వాటా భరించవలసిందే.