నామకరణము – తిరుగుబాటు

మానవుడు లోకమున పొందు తొలి కానుక పేరు. తక్కిన కానుకలను తానెన్నుకొనవచ్చును, కాదనవచ్చును. పేరు మాత్రము తానెఱుగని వయస్సున ఇతరులు నిర్ణయింతురు. అది ఆజన్మాంతము వెంటనుండును. కావుననే మన పూర్వులు నామకరణమును సంస్కారములలో నొకటిగా పరిగణించిరి.

ఈ కాలమున యువదంపతులు కొందఱు దేవతానామములను విడిచి, తిరుగుబాటును సూచించు పేర్లు పెట్టగోరుచున్నారు. విశాఖపట్టణమున డాల్ఫిన్ నోస్ కొండకు ఆవలివైపుననున్న యారాడలో ఒక గృహమునందు ఈ విషయమై వాదము పుట్టినది. తాతగారు సింహాద్రి అప్పన్న పేరు పెట్టవలెననిరి. ఉక్కు కర్మాగారమున పనిచేయు కుమారుడు ‘విప్లవ్’ అని పెట్టెదననెను. పండ్రెండవ దినము గడచినను బిడ్డకు పేరు లేదు. ధర్మమేమని నన్నడిగిరి. ఈ ప్రశ్న ఆ యొక్క యింటిది మాత్రమే కాదు గనుక ఇచట విచారించుచున్నాను.

ఇట్టి పేర్లు నేడు పుట్టినవి కావు. నాస్తికవాదియైన గోరాగారు, ఉప్పుసత్యాగ్రహము జరిగిన 1930లో జన్మించిన కుమారునకు ‘లవణం’ అనియు, రెండవ ప్రపంచయుద్ధము మొదలైన 1939లో జన్మించిన కుమారునకు ‘సమరం’ అనియు పేర్లిడిరి. వారి మతముతో మనకు పొత్తు లేదు. అయినను లవణంగారు తమ సహధర్మచారిణి హేమలతగారితో గూడి జోగినుల ఉద్ధరణకై పాటుపడిన విషయమును మెచ్చకుండుట న్యాయము కాదు. పల్లెలలో పెంటయ్య, పుల్లయ్య అను పేర్లును ఒక విధమైన తిరుగుబాటే. పుట్టిన బిడ్డలు దక్కని తల్లి, మృత్యువు కన్ను పడకుండుటకై బిడ్డను పెంటపై పొరలించి ఆ పేరు పెట్టెడిది. అది యమునిపై తిరుగుబాటు.

ఇక శాస్త్రమును చూతము. బ్రాహ్మణునకు మంగళకరమైన పేరును, క్షత్రియునకు బలసూచకమును, వైశ్యునకు ధనసూచకమును, శూద్రునకు జుగుప్సితమైన పేరును పెట్టవలెనని మనుస్మృతి చెప్పుచున్నది. ఉయ్యాలలోని పసికందుకు ఏవగింపు గొలుపు పేరు పెట్టుమను మాట వినుటకే కష్టముగానున్నది. మన సంప్రదాయము దీనికి లోబడియుండెనా? లేదు. పెరియాళ్వారు తమ తిరుమొழిలో ఒక దశకమంతయు ఈ నామకరణమునకే వినియోగించిరి. కాసులకు, కట్టుబట్టకు ఆశపడి పరుల పేర్లు పెట్టువారిని మందలించి, నారాయణుని పేరు పెట్టుకొనిన బిడ్డ తల్లి నరకము చూడదని ఉపదేశించిరి. ఆ తల్లి ఏ కులమున పుట్టినదని వారు విచారింపలేదు. భగవద్రామానుజులు మేల్కోటలో అంత్యజులనబడువారిని ‘తిరుక్కులత్తార్’ అని పిలిచిరి. శ్రీకులమువారని దాని యర్థము. పంచసంస్కారములలో నామసంస్కారము మూడవది. అందు లభించునది దాస్యనామము. ‘రామానుజదాసుడు’ అను నామము కులమును చెప్పదు, ధనమును చెప్పదు. ఇంతకు మించిన తిరుగుబాటు పేరు మఱియొకటి కలదా?

ప్రహ్లాదుని పేరునకు ఆహ్లాదమని యర్థము. ఆ మెత్తని పేరుగల బాలుడే లోకములను గడగడలాడించిన తండ్రికి తలవంపక నిలిచెను. 1897లో పాండ్రంగిలో జన్మించి, 1922లో మన్యమున ఆంగ్లప్రభుత్వముపై తిరుగబడి, 1924లో కొయ్యూరులో ప్రాణమర్పించిన అల్లూరి వీరుని పేరు సీతారామరాజు. ఆ పేరున విప్లవము లేదు, రామనామము కలదు. కావున తిరుగుబాటు నడవడిలో నుండవలెను. పేరులో నున్నంతమాత్రమున చాలదు.

ఆ యువకునకు శబ్దార్థమును గూడ చెప్పితిని. సంస్కృతమున ‘విప్లవ’మనగా ఉపద్రవము, కల్లోలము. తెలుగున దానికి నూతనార్థము కలిగినది. ‘క్రాంతి’ యనునది వేఱు. అది అడుగు వేయుట. మూడడుగులతో లోకములను కొలిచిన త్రివిక్రముని నామమునందును ఆ ధాతువే కలదు. మార్పు కోరువానికి అంతకన్న తగిన పేరేది?

ఐనను తాతగారు పట్టుపట్టుటయు తగదు. దేవతానామము, మాసనామము, నక్షత్రనామము, వ్యావహారికనామము అని శిశువునకు నాలుగు పేర్లు పెట్టుట శాస్త్రసమ్మతమే. వ్యవహారమునకు తండ్రి కోరిన పేరుండవచ్చును. దేవుని పేరు దేవతానామముగ నుండును. తాత ఆ పేరున పిలుచుకొనిన వలదనువారెవరు? అజామిళునకు మేలు చేసినది కుమారుని పేరు వ్రాసిన పత్రము కాదు, ఎలుగెత్తి పిలిచిన ఆ పిలుపు. దాస్యనామమందురా, అది పెరిగిన పిమ్మట ఆ బిడ్డ స్వయముగ కోరి ఆచార్యుని సన్నిధిలో పొందవలసినది. దానిని బలవంతముగ ఇచ్చు అధికారము తాతకును లేదు, తండ్రికిని లేదు.

పేరు పెట్టువారు ఒక్కటి యోచింపవలెను. ఈ పేరు బిడ్డకు మేలుకొఱకా, మన కలహమునకు జెండాగానా? తండ్రి తన కోపమును, తాత తన పంతమును పసివాని నెత్తిన పెట్టరాదు. అన్యాయమునకు లొంగని గుండెను, దీనుని చూచి కరుగు మనస్సును ఆ బిడ్డకు నేర్పినచో, ఏ పేరున పిలిచినను సింహాద్రినాథుడు పలుకును.