అతిథిని ఎంతవరకు ఆశ్చర్యపరచొచ్చు?

పండగ భోజనం చివర్లో ఫ్రీజర్ తలుపు తీసి, మంచుకొండలాంటి తెల్లటి గోపురం ఒకటి తెచ్చి బల్ల మీద పెడితే, ఒక్క క్షణం అందరి మాటలూ ఆగిపోతాయి. మెరాంగ్ కప్పిన ఐస్‌క్రీమ్ కేక్ పని అదే. ఆకలి సంగతి పప్పూ పులిహోరా అప్పటికే చూసుకుని ఉంటాయి, ఇది వచ్చేది ఆ నిశ్శబ్దం కోసం. నా ప్రశ్న కూడా ఆ నిశ్శబ్దం గురించే. మనింటికొచ్చిన మనిషిని అలా నివ్వెరపోయేట్టు చెయ్యడం మర్యాదేనా? అవును అనుకుంటే, ఎంతవరకు?

ముందు తయారీ చెప్పాలి. ఎందుకంటే ఇక్కడి చిక్కంతా తయారీలోనే ఉంది.

నాలుగు గుడ్ల తెల్లసొన, అంటే సుమారు 120 గ్రాములు. దానికి రెట్టింపు, 240 గ్రాముల చక్కెర. రెండూ కలిపిన గిన్నెను మరిగే నీళ్ల ఆవిరి మీద పెట్టి, 71 డిగ్రీల సెల్సియస్ దాటేదాకా కలుపుతూనే ఉండాలి. చక్కెర కరగడం ఒక్కటే అయితే అంత వేడి అక్కర్లేదు. పచ్చిసొనలో సాల్మొనెల్లా ఉండొచ్చు, ఫ్రీజర్ చలికి అది చావదు. పెద్దవాళ్లూ గర్భిణులూ పసిపిల్లలూ కూర్చునే బల్ల మీదికి పచ్చిసొన రాకూడదు. ఆ తర్వాత బీటర్‌తో గిలక్కొట్టాలి. గిన్నెకు నెయ్యి జిడ్డు అంటి ఉన్నా, పచ్చసొన బొట్టు పడినా నురగ సరిగా లేవదు. బీటర్ దెబ్బలకు ప్రొటీన్ల ముడులు విడిపోయి, గాలిబుడగల చుట్టూ వలలా అల్లుకుంటాయి. గిన్నె అడుగున ఉన్న నీళ్లలాంటి పదార్థం చూస్తుండగానే గిన్నె నిండుతుంది. బీటర్ పైకెత్తితే కొమ్ములా నిలబడాలి. దాన్ని ముందురోజే గడ్డకట్టించిన సీతాఫలం ఐస్‌క్రీమ్ మీద మందంగా పూసి, పైపైన బ్లో టార్చ్ మంట చూపించి, మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టెయ్యడమే. దీపావళి మా వైపు సీతాఫలాల కాలం కాబట్టి ఐస్‌క్రీమ్ గురించి పెద్దగా ఆలోచించే పని లేదు.

మంట తగిలినా లోపలి ఐస్‌క్రీమ్ కరగదు, ఎందుకంటే నురగలోని గాలి వేడిని తొందరగా పోనివ్వదు. మైనస్ 18 డిగ్రీల్లో ఉంచినా మెరాంగ్ రాయిలా బిగుసుకోదు, ఎందుకంటే అంత చక్కెర ఉన్నచోట నీరు పూర్తిగా గడ్డకట్టలేదు. అమెరికా 1867లో రష్యా దగ్గర అలాస్కాను కొన్నది. న్యూయార్క్‌లోని డెల్మోనికోస్ రెస్టారెంట్ వంటగది పెద్ద చార్లెస్ రాన్‌హోఫర్ 1894లో వేసిన తన వంటల పుస్తకంలో ఇలాంటిదానికే ‘అలాస్కా, ఫ్లారిడా’ అని పేరు పెట్టాడు. లోపల చలి, బయట ఎండ అన్నమాట.

ఇప్పుడు అసలు విషయం. ఆ గోపురం చూడ్డానికి క్రీమ్‌లా ఉంటుంది. రెండు నిమ్మచుక్కలు, కాస్త వెనీలా పడ్డాక గుడ్డు వాసనే రాదు. చెప్పకపోతే అందులో గుడ్డుందని తెలుసుకునే దారి తినేవాళ్లకు లేదు.

ఇలాంటి వంటకం మీద పాత అభ్యంతరం ఒకటుంది: ఇదంతా డాబు అని. అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో పెద్ద ఖర్చులు హుందాగా చెయ్యడాన్ని ఒక సుగుణంగా లెక్కపెట్టి, దాని పక్కనే ఆ గుణం వికటించిన మనిషిని చూపిస్తాడు. తోటి సభ్యులకు మామూలు విందు ఇవ్వాల్సినచోట పెళ్లిభోజనం పెట్టేవాడు అతను. మనలో చాలామందికి అలాంటి బంధువు ఒకరుంటారు. కానీ ఈ అభ్యంతరం నన్ను పెద్దగా ఇబ్బంది పెట్టదు. పండగంటేనే అవసరానికి మించి చేసేది. గుమ్మం ముందు చుక్కల ముగ్గు, బతుకమ్మ కోసం పేర్చిన తంగేడు, గునుగు, ఇవేవీ అవసరాలు కావు. చూసేవాళ్ల కళ్లు పెద్దవి కావాలని ఎవరో కూర్చుని కష్టపడ్డారు. ఆ కష్టం ఎదుటివాళ్లకు ఇచ్చే విలువే. చప్పట్ల మీద ఆశ అందులో కొంచెం కలిసి ఉన్నా ఫర్వాలేదు.

నాకు ఇంకా బరువుగా అనిపించేది మయసభ. దుర్యోధనుడు అక్కడికి అతిథిగా వెళ్లాడు. నేల అనుకున్నచోట నీళ్లున్నాయి, నీళ్లనుకున్నచోట నేల ఉంది. అతను తడబడ్డాడు, ఎవరో నవ్వారు. ఎవరు నవ్వారన్నది ఒక్కో కథనంలో ఒక్కోలా ఉంటుంది. ‘దానవీరశూర కర్ణ’ (1977) చూసిన తెలుగువాళ్లకు ఆ ఘట్టంలో ఎన్టీఆర్ ముఖం వెంటనే గుర్తొస్తుంది. ముందు ఆ సభను చూసి అబ్బురపడే ముఖం, తర్వాత అవమానంతో కాలిపోయే ముఖం. రెండిటి మధ్య ఒక్క అడుగే దూరం. ఆ సభ తప్పు అందంగా ఉండటం కాదు. అతిథి ఎక్కడ కాలు పెడుతున్నాడో ఇంటివాళ్లకు తెలుసు, అతనికి తెలియదు. విందులో అతిథి కాలు పెట్టేది నోటితో.

జహీరాబాద్‌లో పండగకి పదిమందిని పిలిస్తే ఇది పుస్తకాల ప్రశ్నగా మిగలదు. కర్ణాటక సరిహద్దు పక్కనే ఉంటుంది, బీదర్ సుమారు 30 కిలోమీటర్లు. బల్ల చుట్టూ లింగాయత్ కుటుంబం ఉంటుంది, ముస్లిం స్నేహితులుంటారు, చర్చికెళ్లేవాళ్లుంటారు, అన్నీ తినే మా చుట్టాలుంటారు. గుడ్డు తింటారా అంటే అవును, కాదు అని రెండు జవాబులే వస్తాయనుకోకూడదు. శనివారం తినని వాళ్లుంటారు. శ్రావణంలో మానేసేవాళ్లు, కార్తీకంలో మానేసేవాళ్లు, బయట తిని ఇంట్లో తినని వాళ్లు, కేకులో అయితే ఫర్వాలేదు కానీ ఆమ్లెట్ వద్దనేవాళ్లు ఉంటారు. కోడ్ రాసే అలవాటున్న నాకైతే ఇది ట్రూ, ఫాల్స్ వ్యవహారంలా కనిపించదు. మనిషిని, వారాన్ని, తిథిని, వంటగదిని ఇన్‌పుట్‌గా తీసుకునే ఫంక్షన్‌లా కనిపిస్తుంది. అందుకే ఎదుటివాళ్ల తరఫున మనం ఊహించి రన్ చెయ్యలేం. అడగాలి, లేదా చెప్పాలి.

మొన్న దీపావళికి నేనీ కేక్ చేస్తుంటే మా బావ వంటింట్లోకి వచ్చి, “ముందే చెప్పేస్తే మజా ఏముంటది రా? తిన్నంక చెప్పు” అన్నాడు. నాన్న స్నేహితుడి ఇల్లాలు ఎప్పుడూ గుడ్డు ముట్టరని గుర్తు చేస్తే, “తెల్వక తింటే దోషం లేదు, ఆమెకేం కాదు” అన్నాడు. బావ వాదాన్ని తేలిగ్గా కొట్టిపారెయ్యలేం. మన పెద్దవాళ్లు కూడా అదే మాటంటారు. తెలియక చేసినదానికి పాపం అంటదు అన్నది మంచి ఆలోచన, భయంతో బతికే మనుషులకు ఎంతో ఊరట. కానీ ఆ మాట చెప్పుకునే హక్కు తిన్నవాళ్లది. పెట్టినవాడు దాన్ని ముందే అరువు తెచ్చుకుని వాడుకుంటే, ఆమె ఊరట అతనికి సాకు అవుతుంది. దోషం ఆమెకు అంటదనే అనుకుందాం. అయినా ఆమె ఏళ్ల తరబడి తన చేతుల్లో పెట్టుకున్న ఒక నిర్ణయాన్ని, ఆమెకు తెలియకుండా, ఒక నిమిషం నిశ్శబ్దం కోసం ఇంకొకరు తీసేసుకున్నట్టే. మనిషిని కేవలం సాధనంగా వాడకూడదని కాంట్ చెప్పినదానికి ఇంతకంటే ఇంటి ఉదాహరణ నాకు తట్టదు.

ఆరోజు ఆమె రాగానే, “అత్తమ్మా, చివర్లో ఒక ఐస్‌క్రీమ్ కేక్ ఉంది, పైన తెల్లగా ఉన్నది గుడ్డు” అని చెప్పాను. “మంచిగ చెప్పినవ్ బిడ్డా, నాకు వద్దులే, కోసేటప్పుడు పిలువు, చూస్త” అన్నారు.

దీనికి ఎదురుగా మరో అభ్యంతరం ఉంది, నా వయసువాళ్లు దాన్ని గట్టిగానే అంటారు. మన దేశంలో ‘ప్యూర్ వెజ్’ అన్న మాట వెనక కులం ఉంది, గుడ్డు తినేవాళ్లను తక్కువ చేసే చూపు ఉంది, దానికెందుకు తల వంచాలి? ఈ కోపం న్యాయమైనదే. 2021 డిసెంబరులో కర్ణాటక ప్రభుత్వం బీదర్ సహా కొన్ని జిల్లాల బడుల్లో పిల్లలకు గుడ్లు ఇవ్వడం మొదలుపెడితే, తినని పిల్లలకు అరటిపండు ఇస్తామన్నా కొందరు లింగాయత్ మఠాధిపతులు ఊరుకోలేదు. మా తెలంగాణలో ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు అంగన్‌వాడీలో రోజూ గుడ్డు పెడతారు. దేశమంతా రోజూ గుడ్డు తినమని ప్రచారం చేసిన నెక్ సంస్థ 1982లో ఏర్పడింది తెలుగువాడైన బి.వి. రావు చొరవతోనే. గుడ్డు మీద సిగ్గుపడాల్సిన అవసరం మనకేమీ లేదు.

అయితే నా పళ్లెంలో ఏముందో చెప్పమనడం వేరు, నీ పళ్లెంలో ఏముండాలో నేను చెప్తాననడం వేరు. మొదటిది ఎవరడిగినా ఇవ్వాల్సిందే, రెండోది ఎవరడిగినా ఇవ్వకూడదు. పక్కపిల్లాడి గుడ్డు ఆపమన్న స్వామీజీకీ, తన గిన్నె గురించి అడిగిన అత్తమ్మకూ ఒకే జవాబు చెప్పడం బద్ధకం. ఇంకోమాట. దొంగచాటుగా గుడ్డు తినిపిస్తే కులం ఓడిపోదు, గుడ్డంటే దాచాల్సిన వస్తువని మనమే ఒప్పుకున్నట్టవుతుంది. గుడ్డుందని వెలుగులో చెప్పి బల్ల మీద పెట్టడమే దానికి గౌరవం. ప్యాకెట్‌లో గుడ్డుంటే మాంసాహార గుర్తు వెయ్యాలని కంపెనీలకు చట్టం చెప్తుంది. ఇంట్లో ఆ గుర్తు ఉండదు. ఇంటివాళ్ల మాటే గుర్తు.

ఈ తంటా లేని దారి కూడా ఒకటుంది. పోలెలు చేసిన రోజు శనగపప్పు ఉడికించిన కట్టును మన అమ్మలు పారబొయ్యరు, చారు పెడతారు. అలా కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లు గిలక్కొడితే తెల్లసొనలాగే నురగ కడతాయని 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి ఆయన గమనించాడు. మరుసటి ఏడాది గూస్ వోల్ట్ అనే అమెరికన్ ఆ నీళ్లూ చక్కెరతోనే మెరాంగ్ చేసి, దానికి అక్వాఫాబా అని పేరు పెట్టాడు. అతనూ సాఫ్ట్‌వేర్ ఇంజనీరే కావడం నాకు చిన్న సంతోషం. గుడ్డుతో పోలిస్తే ఎక్కువసేపు గిలక్కొట్టాలి, అయినా కొమ్ము నిలబడుతుంది. ఇలా చేసినా చెప్పే పని తప్పదు. గుడ్డు లేదని చెప్పకపోతే, అనుమానంతో వద్దనేవాళ్లకు అది గుడ్డున్నట్టే.

మరి అంతా చెప్పేశాక ఆశ్చర్యం మిగులుతుందా? నికొలస్ కుర్తి అని ఆక్స్‌ఫర్డ్‌లో అతి తక్కువ ఉష్ణోగ్రతల మీద పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త, 1969లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో వంటగది భౌతికశాస్త్రం మీద ఉపన్యాసం ఇచ్చాడు. మైక్రోవేవ్ సాయంతో అలాస్కాను తిరగేసి, బయట చలి, లోపల వేడి ఉండేట్టు చేశాడు. ఎందుకలా అవుతుందో వివరించి మరీ చేసిన పని అది. ఇప్పటికీ అది చదివితే ఎవరికైనా చెయ్యాలనిపిస్తుంది. వివరం వల్ల చచ్చిపోయేది బురిడీ మాత్రమే. గిన్నె అడుగున నీళ్లలా ఉన్నది గోపురంగా లేవడం, మంట కింద మంచు కరగకపోవడం తెలిసినా వింతగానే ఉంటాయి. బహుశా తెలిసినందుకే ఎక్కువ వింతగా ఉంటాయి.

కాబట్టి ఆశ్చర్యపరచొచ్చు, ఎంతైనా. అతిథికి దారి తెలిసి ఉండాలి, వద్దనే వీలుండాలి, అంతే. ఆ వీలు నిజమైనదో కాదో కనిపెట్టడానికి నాకు తెలిసిన కొలత ఒకటే: వద్దన్నవాళ్ల ముందు మనం ఏం పెట్టామన్నది. అందరూ గోపురం తింటుంటే ఒకరికి గిన్నెడు పెరుగన్నం జరిపితే వద్దనడానికి శిక్ష వేసినట్టే. అంతే శ్రద్ధగా, అంతే ముందురోజు నుంచి నానబెట్టి చేసిన ఖుబానీ కా మీఠా ఒకటి ఆ పక్కనే ఉండాలి. అది చూసి గోపురం తినేవాళ్లు కూడా “అదేంటి, మాకూ కొంచెం వెయ్యి” అనాలి.