జరిమానా నోటీసును పౌలు జవాబును

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 24:24 – 25:12



మన ఊళ్లలో ఎడ్లబండ్లు తగ్గి మోటారు వాహనములు పెరిగినవి. మిల్లుకు ధాన్యము ట్రాక్టరు మీద పోవుచున్నది. ఆరాధనకు కుటుంబములు మోటారు సైకిళ్ల మీదను ఆటోల మీదను వచ్చుచున్నవి. వీటితోకూడ ఒక క్రొత్త ప్రశ్నయు మన మధ్యకు వచ్చినది. వేగము మించితివని ఒకనికి జరిమానా నోటీసు వచ్చును. ఆ చోట వేగ పరిమితి తెలుపు బోర్డే లేదనియో, నోటీసులోని పరిమితి ఆ రోడ్డునకు చెందినది కాదనియో అతడు తలంచును. అప్పుడు విశ్వాసి ఏమి చేయవలెను? మారు మాటాడక చెల్లించుటే భక్తి యని కొందరందురు. వాదించి తీరవలెనని కొందరందురు. ఎవరినైన పట్టుకొని మాపించుకొందమని మరికొందరందురు. అద్దె కారు తోలి పిల్లలను పోషించుకొనువానికి వెయ్యి రూపాయలు చిన్న మొత్తము కాదు. అతని మనస్సాక్షి అంతకంటెను విలువైనది. కావున వాక్యపు వెలుగులో దీనిని ఆలోచింతము.

పౌలు కైసరయలో రెండు సంవత్సరములు బంధకములలో నుండెను. అధిపతియైన ఫేలిక్సు అతనివలన ద్రవ్యము దొరకునని ఆశించి పలుమారు పిలిపించుచు వచ్చెను. పౌలు ద్రవ్యమియ్యలేదు. తరువాత ఫేస్తు వచ్చినప్పుడు పౌలు చెప్పిన జవాబులో రెండు పక్కలున్నవి. తాను నేరస్థుడనైతే మరణ శిక్షనైనను తప్పించుకొననని ఒకటి. నేరారోపణలు నిజము కానియెడల తన్ను ఎవరును అప్పగింపజాలరు గనుక కైసరు తీర్పునే కోరుచున్నానని రెండవది. ఈ రెంటిని విడదీయరాదు.

మొదటిది, నేరము మనదైతే శిక్షను తప్పించుకొనరాదు. బోర్డు ఉన్నదా లేదా అని అడుగుటకు ముందు, మనము ఎంత వేగముగా పోతిమో మన మనస్సాక్షిని అడుగవలెను. ద్వారపూడి నుండి మండపేట మీదుగా రామచంద్రపురము పోవు దారిని మనమెరుగుదుము. డెల్టాలో కాలువ గట్టు వెంట సాగు రోడ్లెన్నో. కోతల కాలములో రోడ్డు అంచున ధాన్యము ఆరబోసియుందురు. బడి విడిచిన పిల్లలు గుంపులుగా వచ్చుచుందురు. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు బండి ఒక్క సెకనులో సుమారు 17 మీటర్లు ముందుకు పోవును. 80 అయినచో 22 మీటర్లు. వేగము రెట్టింపైన బ్రేకు వేసిన తరువాత బండి జారు దూరము నాలుగింతలగును. యెహూ రథమును వెఱ్ఱివానివలె తోలెనని కావలివాడు దూరమునుండియే గుర్తించెను (2 రాజులు 9:20). క్రైస్తవుని బండికి అట్టి గుర్తింపు తగదు. ఇల్లు కట్టువాడు ఎవడును పడిపోకుండ మేడకు పిట్టగోడ కట్టవలెనని ధర్మశాస్త్రము విధించినది (ద్వితీయోపదేశకాండము 22:8). బోర్డు లేని చోటను పిల్లలుందురు. నోటీసులో తప్పు దొరికినంత మాత్రమున దేవుని యెదుట మన లెక్క తీరిపోదు.

రెండవది, నేరము మనది కానియెడల న్యాయమడుగుట తిరుగుబాటు కాదు. పై అధికారులకు లోబడుడని రోమా 13వ అధ్యాయము చెప్పుచున్నది. అయితే నోటీసు పంపువాడు మాత్రమే కాదు, విచారించు న్యాయాధిపతియు ఆ అధికారములలో నున్నాడు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము, 112వ సెక్షనులో, రాష్ట్ర ప్రభుత్వము ఒక రోడ్డున వేగమును తగ్గింపదలచినచో గెజెటులో ప్రకటించి తగిన చోట్ల గుర్తుల బోర్డులు పెట్టవలెనని చెప్పుచున్నది. 183వ సెక్షను, వేగముగా పోయెనని ఒక్క సాక్షి తన అభిప్రాయము చెప్పినంతనే శిక్షింపరాదనియు, ఆ అంచనాకు యంత్రపు ఆధారముండవలెననియు చెప్పుచున్నది. ఒక్క సాక్షి మాట మీద నేరము స్థిరపడదని మోషే వ్రాసినది (ద్వితీయోపదేశకాండము 19:15) మనకు జ్ఞాపకము రాదా? 2021 ఆగస్టులో చేర్చిన కేంద్ర నియమము, కెమెరాలు పనిచేయు చోటికి ముందుగా హెచ్చరిక బోర్డులుండవలెననియు, యంత్రమునకు ఆమోద పత్రముండవలెననియు విధించినది. మిల్లులో కాటా సరిగా లేనిదే రైతు ఒప్పుకొనడు; న్యాయమైన తూనికలు దేవునికే ఇష్టము (లేవీయకాండము 19:36). వేగము కొలుచు యంత్రమును ఒక కాటాయే.

పరిమితి యెంత యనునదికూడ పెద్దలు వాదించు విషయమే. 2018 ఏప్రిలులో కేంద్ర ప్రభుత్వము వేగ పరిమితులను హెచ్చించెను. 2021లో మద్రాసు హైకోర్టు, ప్రమాదములను తలచి, ఆ ప్రకటనను రద్దు చేసెను. ఇట్టిదానిని గూర్చి సామాన్యుడు వినయముతో ప్రశ్నించుట తప్పు కాదు. ఒకని మాట వినకముందే అతనికి తీర్పు తీర్చవచ్చునా అని నీకొదేము సభలో అడిగెను గదా (యోహాను 7:51).

మూడవది, అడుగు విధము క్రీస్తునకు తగినదై యుండవలెను. నోటీసును చింపి పారవేయరాదు. అందులోని తేదీని, స్థలమును, ఫొటోను సరిచూడవలెను. ఆ చోటికి తిరిగి పోయి బోర్డు ఉన్నదో లేదో, కొమ్మలచాటున నున్నదో చూచి, ఫొటో తీసికొని, ఉన్నది ఉన్నట్లు మర్యాదగా అర్జీలో వ్రాయవలెను. ఉన్న బోర్డును లేదనుట అబద్ధ సాక్ష్యమే. జరిమానా తగ్గించుకొనుటకు చేతిలో నోటు పెట్టుట, ఫేలిక్సు ఆశించినదానిని మనమే తెచ్చి ఇచ్చుట. ఎండలో నిలుచున్న కానిస్టేబులును దూషింపరాదు. పౌలు ప్రధానయాజకునితో కఠినముగా మాటాడి, అతడెవరో తెలిసినంతనే వెనుకకు తగ్గెను (అపొస్తలుల కార్యములు 23:5). చదువురాని సహోదరునికి నోటీసు వచ్చినచో, చదువుకొన్న మన యువకులు ప్రక్కన కూర్చుండి చదివి పెట్టుట కూడ సేవయే.

ప్రియులారా, ఇట్లు చేసినను తీర్పు మన పక్షమున రాకపోవచ్చును. కైసరుతో చెప్పుకొనకపోయినచో పౌలును విడిపింపవచ్చునని అగ్రిప్ప పలికెను (26:32). అయినను పౌలు సంకెళ్లతోనే రోమాకు పోయెను. తీర్పు వచ్చిన పిమ్మట చెల్లింతము, సణుగకుందము. మన అర్జీవలన ఆ మలుపున ఒక బోర్డు నిలిచి, ఒక్క బిడ్డ ప్రాణము దక్కినచో మన శ్రమ వ్యర్థము కాదు.

సత్యము పలుకు నోటిని, నెమ్మదిగల చేతిని, పొరుగువానిని చూచు కన్నును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.