పుచ్చుకొనిన చేయి – ఇచ్చిన చేయి

ధ్యాన భాగములు: లూకా 3:10–14, లూకా 19:1–10, అపొ. కార్యములు 24:24–27



మన సంఘములో భర్తను పోగొట్టుకొనిన యొక సహోదరి కొంతకాలము క్రిందట నాయొద్దకు వచ్చినది. "అయ్యగారూ, మా ఆయన చనిపోయినట్టు కాగితం ఇయ్యడానికి అయిదు వందలు అడుగుతున్నారు. ఇయ్యకపోతే పింఛను పని కదలదంట. ఏం చెయ్యమంటారు?" అని అడిగినది. ఆ సాయంకాలము నాకు రెండు కూడికలుండెను. "ఇచ్చి పని కానిచ్చుకో అమ్మా, లోకం అట్లా ఉంది" అని చెప్పి పంపివేసితిని. ఆమె మేకపిల్లను అమ్మి ఆ సొమ్ము ఇచ్చినది.

తరువాత నాకు తెలిసినదేమనగా, 1969 నాటి జనన మరణముల నమోదు చట్టము ప్రకారము, మరణమును నమోదు చేయించినవారికి ఆ పత్రమును ఉచితముగా ఇయ్యవలెను. పుచ్చుకొనినవాడు ఎవడో యొకడు. ఇమ్మని చెప్పినవాడను మాత్రము నేనే. ఈ మాట మీ యెదుట ఒప్పుకొనిన తరువాతనే లంచమును గూర్చి మాటలాడుటకు నాకు నోరు వచ్చుచున్నది.

యొర్దాను దగ్గర యోహాను బాప్తిస్మమిచ్చుచుండగా సుంకరులును సైనికులును వచ్చి, తామేమి చేయవలెనని అడిగిరి. ఆ దినములలో సుంకముల వసూలును గుత్తకిచ్చెడివారు, మన యూళ్లలో చెరువును గుత్తకిచ్చినట్టే. గుత్తదారుడు పాటసొమ్ము కట్టి, పైన రాబట్టినది తానుంచుకొనును. చెల్లించవలసినదెంతో పేదవానికి తెలియదు. ఇంత యెందుకు పుచ్చుకొంటివని అడుగువాడు లేడు. యోహాను వారిని ఉద్యోగము మానుమనలేదు. నిర్ణయమైన దానికి మించి పుచ్చుకొనవద్దని సుంకరులకును, బెదిరించి లాగుకొనక జీతముతో తృప్తిపడుడని సైనికులకును చెప్పెను.

లంచమునకు వేరు ధనాశయే. అయితే ఆ వేరుకు నీరు పోయునవి వేరే యున్నవి. 1962లో భారత ప్రభుత్వము కె. సంతానముగారి అధ్యక్షతన నియమించిన కమిటీ 1964లో నివేదిక నిచ్చినది. పనులలో ఆలస్యము, చిక్కైన పద్ధతులు, ఒక్క అధికారి ఇష్టమునకు మితిమీరి విడిచిపెట్టుట, ఇవి అవినీతికి తావిచ్చుచున్నవని ఆ కమిటీ చెప్పినది. కేంద్ర విజిలెన్సు కమీషను ఆ కమిటీ సిఫారసు మీదనే ఏర్పడినది. నీరు నిలిచినచోట దోమలు పుట్టును. కాగితము నిలిచినచోట లంచము పుట్టును.

కంచె చేను మేయుచున్నదని మనమందుము. నిజమే. అయితే ఆ కంచెకు సందు చేసినవారిలో మనము లేమా? వరుసలో నిలువలేక ఇచ్చితిమి. పొరుగువానికంటె ముందుగా పని కావలెనని ఇచ్చితిమి. ఎన్నికలలో ఓటునకు నోటు పుచ్చుకొని, గెలిచినవాడు దానిని మన రోడ్డులోనుండి, మన బడిలోనుండి రాబట్టుకొనినప్పుడు ఆశ్చర్యపడితిమి.

మరి ఇయ్యనివానికి నష్టము లేదా? లేదని నేను మీతో చెప్పజాలను. ఫేలిక్సు అను అధిపతి పౌలు దగ్గర ద్రవ్యము దొరుకునని ఆశించి మాటిమాటికి పిలిపించెను. పౌలు ఇచ్చెనని వ్రాయబడలేదు. రెండేండ్లు గడచినను అతడు బంధకములలోనే యుండెను. పౌలు ఓర్చుకొనెను. అయితే కూలికి పోయిన దినమే పొయ్యి వెలిగించుకొను విధవరాలు రెండేండ్లు ఒంటరిగా ఓర్చుకొనగలదా? ఆమెను ఆఫీసుకు ఒంటరిగా పంపిన సంఘమునకు, లంచమియ్యవద్దని ఆమెకు బోధించు అర్హత లేదు.

కాబట్టి మనము చేయవలసినవి మూడున్నవి.

మొదటిది, నిర్ణయమైనదేదో తెలిసికొనుడి. ఏ పత్రమునకు ఎంత రుసుము, ఎన్ని దినములు అను సంగతి మన మందిరపు తలుపున వ్రాసి అంటించుదము. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము అడిగినదానికి 30 దినములలో జవాబియ్యవలెను. దారిద్ర్య రేఖకు దిగువనున్నవారికి ఆ రుసుము కూడ లేదు.

రెండవది, ఎవరినైనను ఒంటరిగా పంపకుడి. చదువుకొనిన యౌవనస్థులు ఇద్దరు వెంట వెళ్లి, అర్జీ ఇచ్చి, రసీదు పుచ్చుకొనవలెను. పని ఆలస్యమైనచో ఆ యింటివారి భారమును సంఘము మోయవలెను. 2018లో సవరించిన చట్టము ప్రకారము లంచమిచ్చుటయు నేరమే. అయితే బలవంతము వలన ఇచ్చినవారు 7 దినములలోపల పోలీసువారికి గాని అట్టి అధికారులకు గాని తెలియజేసినచో వారికి శిక్ష లేదు.

మూడవది, లెక్కలు వెలుగులో నుండనియ్యుడి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006 నుండి ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ జరిగినది. పనిచేసిన కూలీల యెదుటనే మస్తర్లు చదువగా, రాని కూలి వచ్చినట్టు వ్రాసిన సంగతులు బయటపడెను. మరి మన కానుకల మాట యేమి? పౌలు యెరూషలేము పేదల కొరకైన చందాను ఒక్కడే మోసికొనిపోలేదు, ఎవరును తప్పుపట్టకుండునట్లు ఇతరులను తోడు తీసికొనెను (2 కొరింథీ. 8:19–21). ఈ నెల మొదలుకొని చందాల లెక్కయు, కోత పండుగ లెక్కయు ఆరాధన తరువాత మీ అందరి యెదుట చదువబడును. మీరు అడుగుడి. అడిగినవారి మీద నేను గాని పెద్దలు గాని కోపపడము.

జక్కయ్య కన్నీళ్లు విడిచెనని లూకా వ్రాయలేదు. లెక్క చెప్పెనని వ్రాసెను. ఆస్తిలో సగము బీదలకు, అన్యాయముగా తీసికొనినదానికి నాలుగంతలు. నేను ఆ సహోదరి యింటికి వెళ్లి క్షమాపణ వేడి, మేకపిల్ల వెల ఆమె చేతిలో పెట్టితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, "మీరు ఆరోజే నాతో వచ్చుంటే చాలుండేది అయ్యగారూ" అన్నది. ఆ మాట నన్ను ఇంకను విడువలేదు. మనలో పుచ్చుకొనినవారుండవచ్చును, ఇచ్చినవారుండవచ్చును, నావలె ఇప్పించినవారుండవచ్చును. ప్రభువు నేడును మన యింటికి రానున్నాడు. లెక్క సిద్ధపరచుదము.

ప్రార్థన: ప్రభువా, మా చేతులను కడుగుము. అడుగుటకు ధైర్యమును, ఓర్చుకొనుటకు బలమును, బీదల వెంట నడచుటకు కాళ్లను మాకు దయచేయుము. యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.