పాట పాడే ముందు ఒక్క మాట విను

బిడ్డా, ఇలా వచ్చి కాసేపు కూర్చో. ఆ ఫోన్‌లో లారీ ఫొటోలు తర్వాత చూద్దువుగానీ. మిలిటరీ వేలంలో శక్తిమాన్ లారీ కొంటానంటున్నావట, మీ అమ్మ చెప్పింది. వద్దనడానికి పిలవలేదు నిన్ను. సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగినవాడికి మిలిటరీ బండి మీద మనసు పోకపోతేనే వింత. తిరుమలగిరి, బొల్లారం రోడ్ల మీద బారులు తీరి పోయే లారీలను చూస్తూ పెరిగినవాళ్లమే మనమంతా. ఆశ మంచిదే, తొందరే మంచిది కాదు. నేను చెప్పేది ఒకటే మాట: బండిని ఇంటికి తెచ్చే దారంతా చూసుకున్నాకే పాట పాడు. పాడేశాక దారి వెతుక్కోకు.

ముందు నువ్వు కొనేది ఏమిటో తెలుసుకో. శక్తిమాన్ అంటే జర్మనీ మాన్ కంపెనీ నమూనా. 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారైంది. 1965లోనూ, 1971లోనూ యుద్ధాల్లో సరుకూ సైనికులనూ మోసింది. అందుకే మీ తాతల తరం దాని పేరు చెప్తే ఇప్పటికీ నిటారుగా కూర్చుంటారు. కానీ 1996లోనే దాని తయారీ ఆగిపోయింది. జోంగా అనే సైన్యం జీపు కూడా జబల్‌పూర్‌దే, అదీ 1999తో ఆగింది. అంటే నీ చేతికొచ్చే బండి ఎంత చిన్నదైనా పాతికేళ్లు దాటినదే. రాణిగంజ్‌కి పోతే టాటా సామాను, లేలాండ్ సామాను ఏ కొట్లో అడిగినా తీసిస్తారు. శక్తిమాన్ సామాను అడిగి చూడు, పైనుంచి కింది దాకా నిన్నే చూస్తారు. అందుకే పాట పాడక ముందే రాణిగంజ్ వెళ్లు. బ్రేకు సామాను, క్లచ్ ప్లేటు, వాటర్ పంపు, ఈ మూడూ ఎక్కడ దొరుకుతాయో, ఎంతకు దొరుకుతాయో రాసుకుని రా. దొరకవంటే అక్కడే ఆగు. మొదటిసారి కొనేవాడికి జిప్సీ లాంటి చిన్న బండి చాలు. పెద్ద లారీ ఎప్పటికైనా కొనుక్కోవచ్చు.

ఇంకో సంగతి ఆలోచించు. మన తిరుమలగిరిలోనే ఈఎంఈ కాలేజీ ఉంది. సైన్యం బండ్లను బాగుచెయ్యడమే ఆ శాఖవాళ్ల పని. పాడైన బండిని బతికించడం వాళ్లకంటే ఎవరికి బాగా తెలుసు? అలాంటివాళ్లే వయసు మీరిందనో, ఇక దీనిమీద ఖర్చు దండగనో రాసిచ్చాక అది వేలానికి వస్తుంది. వాళ్లు దండగన్నదాన్ని నువ్వు బాగుచెయ్యలేవని అనను. చాలామంది చేశారు. కానీ వాళ్లు అలా ఎందుకు రాశారో నీ కళ్లతో చూడకుండా డబ్బు కట్టకు.

ఇప్పుడు పాటలన్నీ ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లో పాడేవే. ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ ఈ-వేలం పెడుతుంది. కూర్చున్నచోటి నుంచే పాడొచ్చు కాబట్టే కూర్చున్నచోటే మోసపోతారు కుర్రాళ్లు. ఫొటోలో రంగు కనిపిస్తుంది, తుప్పు కనిపించదు. అక్కడ అమ్మేది ‘ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే’ అన్న షరతు మీద. ఇంజిన్ ఉందా లేదా, గేరుబాక్సు లోపల ఏముంది అని రేపు అడిగితే జవాబిచ్చేవాడుండడు. అందుకే తనిఖీకి ఇచ్చిన తేదీల్లో స్వయంగా వెళ్లు. ఒక్కడివే వెళ్లకు, చేతికి గ్రీజు అంటిన మేస్త్రీని వెంట తీసుకెళ్లు. ఆయన ఒకరోజు కూలి దండగనుకోకు.

వేలానికి పెట్టిన బండి వివరాలుండే లాట్ కాగితం చివరి గీత దాకా చదువు. బండిగా అమ్ముతున్నారా, తుక్కుగా అమ్ముతున్నారా? ఈ ఒక్క ముక్క మీదే అంతా ఉంది. 2023 ఏప్రిల్ 1 నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాలకు రిజిస్ట్రేషన్ కొనసాగించడం ఆపేశారు, తుక్కు కేంద్రాలకు పంపమన్నారు. సైన్యం వాడే కవచ వాహనాలకు, ప్రత్యేక వాహనాలకు అందులో మినహాయింపు ఉంది. కాబట్టి ఏ లాట్ ఏ షరతు మీద వస్తుందో దానికదే చదువుకోవాలి. తుక్కు కింద కొన్న లారీ నీ వాకిట్లో ఎంత అందంగా నిలబడినా రోడ్డెక్కదు.

బండిగానే అమ్మారనుకో. అప్పుడు కూడా ముందు కాగితం, తర్వాతే తాళం. సైన్యం నుంచి వచ్చిన బండికి సంబంధిత అధికారులిచ్చే అసలు అమ్మకం పత్రం, అదే ఫారం 21, ఉండాలి. అది లేకుండా ఆర్‌టీఏ ఆఫీసు మెట్లెక్కినా లాభం లేదు. ‘బండి తీసుకో, కాగితం వారంలో ఇస్తాను’ అనే మధ్యవర్తి నీ మంచి కోరేవాడు కాడు. మాజీ సైనికులకు ఇలాంటి బండ్లు కేటాయించే పద్ధతి ఒకటి ఉందని, వాళ్లలో ఎవరో ఒకరి పేరు మీద కొనేద్దామని ఎవడైనా చెవిలో ఊదితే వినకు. దేశానికి పనిచేసినవాళ్ల హక్కు అది, నీ సరదాకు వాడుకునేది కాదు. లైసెన్స్ సంగతీ చూసుకో. బండీ బరువూ కలిపి ఏడున్నర టన్నులు దాటితే కారు లైసెన్స్ పనికిరాదు. ఆ ఆలివ్ ఆకుపచ్చ రంగు మీద ఎంత మోజున్నా సరే, అది సైన్యం బండ్లకే చెందాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన చెప్తోంది. పైకి చూపే బాణం గుర్తున్న పాత నంబరు చెరిపెయ్యి, రంగు మార్చు. ఆ రంగేసుకుని మిలిటరీ క్యాంటీన్ దగ్గర తిరిగితే గొప్ప అనుకుంటావేమో, కంటోన్మెంట్ ఊళ్లో అది పెద్ద తప్పు.

ఇక తెచ్చుకునే రోజు. డెలివరీ ఆర్డర్‌లో ఇచ్చిన గడువులోగా బండి ఎత్తకపోతే గ్రౌండ్ రెంట్ పడుతుంది. ఆ భయంతోనే పిల్లలు తొందరపడతారు. బ్యాటరీ తెచ్చి తగిలించి అక్కడే స్టార్ట్ చేసి నడుపుకొద్దామంటారు. వద్దు బిడ్డా. ఏళ్ల తరబడి నిలబడ్డ ఇంజిన్‌ని ముందు చేత్తో తిప్పి చూడాలి, తిరగకపోతే బలవంతం చెయ్యకూడదు. డిప్‌స్టిక్ తీసి చూడు, ఆయిల్ తెల్లగా విరిగి ఉంటే లోపలికి నీళ్లు దిగినట్టే. ట్యాంకులో పాత డీజిల్, అడుగున తుప్పు, ఎండి బిగుసుకున్న బ్రేకు సిలిండర్లు, ఇవన్నీ పైకి కనిపించవు. తాడు కట్టి లాగించడం అసలే వద్దు. బ్రేకులు లేని లారీ తాడు వెనక వస్తే ముందున్న బండి మీదికే వస్తుంది. లోబెడ్ ట్రైలర్ మాట్లాడుకో, కిరాయి ఎక్కువైనా అదే చవక. తప్పనిసరై కొద్దిదూరం లాగాల్సి వస్తే ఇనుప బారు వెయ్యి, ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించు. ఇంజిన్ ఆగి ఉండగా చక్రాలు తిరుగుతుంటే గేరుబాక్సులోకి ఆయిల్ సరిగా అందదు. వించ్‌తో లాగేటప్పుడు ఉక్కు తాడు మీద బరువైన గోనె పట్టా వెయ్యి, దరిదాపుల్లో ఎవర్నీ నిలబడనివ్వకు. తెగిన తాడు ఎవరికి తగిలేదీ చెప్పలేం.

అన్నిటికంటే చక్రాల దగ్గర భయం పెట్టుకో. టైరు మీద గాడులు నిండుగా కనిపిస్తాయి, పక్కల పగుళ్లు చూడు. తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి, వేలితో తుడిచి చదువు. కొన్ని పాత మిలిటరీ బండ్లకు చక్రం రెండు ముక్కలుగా ఉంటుంది. రెండు వరుసల నట్లు కనిపిస్తాయి. ఒక వరుస చక్రాన్ని బండికి పట్టుకుంటుంది, ఇంకో వరుస ఆ రెండు ముక్కల్ని కలిపి పట్టుకుంటుంది. లోపల గాలి ఉండగా రెండో వరుస విప్పితే ఆ ఇనుము మొహం మీదికి ఎగురుతుంది. లాక్ రింగు చక్రాలతోనూ అంతే ప్రమాదం. ముందు వాల్వు పిన్ను తీసి గాలి మొత్తం పోనివ్వు, పోయిందని రూఢి చేసుకో, తర్వాతే పానా పట్టు. గాలి కొట్టేటప్పుడు ఇనుప బోనులో పెట్టించు. సరదా కోసం కొన్న బండి కింద చెయ్యి పోగొట్టుకుంటే మీ అమ్మకేం చెప్పమంటావు?

అన్నీ సరిగ్గా జరిగి బండి ఇంటికొచ్చిందనుకో, ఎక్కడ పెడతావు? మన బస్తీ సందులో రెండు ఆటోలు ఎదురుపడితేనే దారి మూసుకుంటుంది. ఎదురింటాయన బండికి దారి కావాలి, ఏదన్నా ఆపద వస్తే అంబులెన్స్‌కి దారి కావాలి. ఆయిల్ కారితే వాకిలి ఊడ్చుకునే ఇల్లాలికే కష్టం. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు. కదలని బండికీ షెడ్డు అద్దె, మేస్త్రీ కూలి, సామాను ఖర్చు నెలనెలా పడుతూనే ఉంటాయి. ఆ డబ్బు ఎవరి వాటాలోంచి పోతుందో ముందే చూసుకో. పిల్ల ఫీజు డబ్బులోంచీ, మీ నాన్న మందుల డబ్బులోంచీ మాత్రం పోకూడదు. బండి ధర ఒక్కటే చూసి కొనకు. ధర ఎంతో, దాన్ని తెచ్చి నిలబెట్టి రోడ్డెక్కించడానికి అంతకు తక్కువ కాకుండా డబ్బు పక్కన పెట్టుకున్నాకే కొను.

కాబట్టి పాటకు ముందు రోజు ఇంట్లో అందర్నీ కూర్చోబెట్టు. తెల్లకాగితం మీద వరసగా రాయి: ధరావతు, పన్నులు, ట్రైలర్ కిరాయి, షెడ్డు, సామాను, కాగితాల ఖర్చు. కింద మొత్తం వేసి, ఇంతకు మించి పాడనని నీ పై హద్దు రాసి మీ ఆవిడ చేతికివ్వు. మర్నాడు పాట ఆ అంకె దాటితే లేచి బయటికి రా. ఎదుటివాడు గెలిచాడని రోషపడకు. వేలాలు మళ్లీ వస్తాయి, బండ్లూ వస్తాయి. ఇంటినీ ఒంటినీ జాగ్రత్తగా ఉంచుకుంటే కొనడానికి నువ్వూ ఉంటావు. అంకె లోపలే దొరికిందా, నిక్షేపంగా తెచ్చుకో. మేస్త్రీని నేనే వెంటబెట్టుకుని వస్తాను.