చెవులు వినని బిడ్డకు వాక్యము



రోమీయులకు వ్రాసిన పత్రిక 10వ అధ్యాయములో అపొస్తలుడైన పౌలు విశ్వాసమునకు వినికిడియే త్రోవ అని బోధించెను. ఆ వాక్యము మీద మనము ఎన్నియో ప్రసంగములు వినియున్నాము. అయితే మన ఊళ్లలో పుట్టుకతోనే చెవులు వినని బిడ్డలు గలరు. వారి తల్లులును ఆ ప్రసంగము వినుచు చాప మీద కూర్చుండియుందురు. ఆ మాట ఆ తల్లి గుండెలో ఎట్లు దిగునో మనమెప్పుడైన తలంచితిమా? వినలేని బిడ్డకు దేవుని తలుపు మూయబడియున్నదా?

ప్రాచీన సంఘములో అట్లు భయపడినవారు లేకపోలేదు. కాని మార్టిన్ లూథరు 1520లో ప్రభువు భోజనమును గూర్చి వ్రాయుచు, చెవిటి మూగవారు కోరినయెడల వారికి దానిని నిరాకరింపరాదని చెప్పెను. అయిదు వందల యేండ్ల క్రిందటనే తేలిన సంగతి మన పెద్దల కూటములలో ఇంకను తేలలేదు.

మొదట ఒక మాట స్పష్టముగా తెలిసికొనవలెను. మనము మూగవాడని పిలుచువానికి నాలుక సాధారణముగా బాగుగనే యుండును. మాట చెవిగుండ లోపలికి పోలేదు గనుక నోటిగుండ బయటికి రాదు. మార్కు సువార్త 7వ అధ్యాయములో దెకపొలి ప్రాంతమున ప్రభువు బాగుచేసిన మనుష్యుని చూడుడి. ముందు చెవులు తెరవబడెను, తరువాతనే నాలుక సడలెను. నేటి వైద్యులు చెప్పు వరుసయు అదియే. మన ఇండ్లలోనైతే బిడ్డకు మాట రాలేదనగానే వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయుదురు. లోపము చెవిలో, మందు నాలుకకు!

మాట నేర్చుటకు దేవుడు బిడ్డ మెదడును సిద్ధపరచిన కాలము ముఖ్యముగా మొదటి కొద్ది సంవత్సరములే. గర్భములో చివరి మూడు నెలలందే శిశువు తల్లి గొంతు వినుచుండును. వినగల బిడ్డ అత్త, తాత అనుటకు ముందే లెక్కలేనన్ని మాటలు చెవిని వేసికొనియుండును. చెవిటి శిశువు కూడ మొదటి నెలలలో ఉంగా ఉంగా అనును గనుక ఇంటిలో ఎవరికిని అనుమానము రాదు. నాయనమ్మ వెనుకనుండి కంచము మ్రోగించి చూచును. నేల అదురుటవలననో, నీడ కదలుటవలననో బిడ్డ తిరిగి చూచును. "వినబడుచున్నది లెండి, వీని నాన్నకు కూడ మాట ఆలస్యముగనే వచ్చినది" అని అందరు ఊరడిల్లుదురు. తల్లి కోతకు, ఊడ్పుకు పోవుచుండును. ఏండ్లు గడచిపోవును. అయిదవ యేట బడిలో వేయునప్పుడు గాని మేల్కొనము. వైద్యులు చెప్పు లెక్కయో, మొదటి నెలలోపల పరీక్ష, మూడవ నెలకు నిర్ధారణ, ఆరవ నెలకు చెవి మిషను పెట్టి సాధన మొదలుపెట్టుట. నిద్రించు శిశువు చెవిలో చిన్న గొట్టము పెట్టి కొద్ది నిమిషములలో చేయు పరీక్ష గలదు, నొప్పి యుండదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమములో పుట్టుచెవుడును పరీక్షించుటయు చేర్చబడినది. అంగన్వాడీకి వైద్య బృందము వచ్చిన దినమున అడుగుటకు సిగ్గుపడకుడి.

ఇచ్చట మేనరికమును గూర్చి చెప్పక తప్పదు. పొలము చీలకుండ, చుట్టరికము తెగకుండ అక్క కూతురిని, మేనమామ బిడ్డను చేసికొనుట మన డెల్టాలో క్రైస్తవులమైన తరువాత కూడ మానలేదు. పుట్టుచెవుడులో చాల భాగము వంశములో దాగియున్న లోపమువలన కలుగును. తల్లియందును తండ్రియందును అదే లోపము దాగియున్నప్పుడు అది బిడ్డలో బయటపడవచ్చును. రక్తసంబంధములో అట్లు కలియుటకు అవకాశము ఎక్కువ. అయితే ఇది పెండ్లిమాటలనాడు చెప్పవలసినది గాని, బిడ్డ పుట్టిన తరువాత తల్లి ముఖము మీద అనవలసినది కాదు. యోహాను 9వ అధ్యాయములో శిష్యులు ఎవరి పాపమని విచారింపగా ప్రభువు ఆ లెక్కనే త్రోసివేసెను.

కాక్లియర్ ఇంప్లాంట్ అను శస్త్రచికిత్స పేదల కందనిదని అనుకొనవలదు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ క్రింద తెలుగునాట ఎందరో పేదబిడ్డలకు ఇది జరిగినది. 2014లో సవరించిన కేంద్ర ప్రభుత్వపు అడిప్ పథకము దీనికి 6 లక్షల రూపాయల వరకు ఇచ్చుటకు ఏర్పరచెను. కాని మిషను పెట్టిన దినముననే బిడ్డ మాటలాడునని ఎదురుచూచువారు నిరాశ పడుదురు. అది చెవిలోనికి ధ్వనిని పంపునంతే. ఆ ధ్వని మాటగా మారుటకు ఏండ్ల తరబడి సాధన కావలెను. తల్లి అన్నము పెట్టుచు అన్నమనియు, నీళ్లు పోయుచు నీళ్లనియు బిడ్డ ముఖమునకు ఎదురుగా చెప్పుచునే యుండవలెను. తిరుపతిలో దేవస్థానమువారు శ్రవణం అను కేంద్రమున చిన్నబిడ్డలకు తల్లులతో కూడ ఉంచి ఈ సాధన చేయింతురు. మంచిపని ఎవరు చేసినను మంచిపనియే.

పెదవులు చూచి గ్రహించునులే అని కొందరందురు. అద్దము ముందు నిలిచి గొంతు పైకి రానీయక పాప, బాబా, మామ అని చూడుడి. మూడింటికిని పెదవులు ఒక్కటే. క, గ అను అక్షరములు గొంతు దగ్గరనే యుండిపోవును. మీసము చాటున, దీపము గ్రుడ్డిగా నున్న చోట, పాపము ఆ బిడ్డ ఏమి గ్రహించును?

అందుచేత, నోటిమాటయే నేర్పవలెనా, సైగల భాష నేర్పవలెనా అను వాదము చాలకాలముగ నడచుచున్నది. పారిసులో డి లెపె అను ప్రీస్టు ఇద్దరు చెవిటి అక్కచెల్లెండ్రు దైవజ్ఞానము లేకయే నశింతురేమోనని జాలిపడి సైగలతో బోధించెను. అదే కాలమున జర్మనీలో హైనికె 1778లో లైప్జిగులో బడి పెట్టి నోటిమాటనే నేర్పెను. 1880లో మిలాన్ నగరములో కూడిన ఉపాధ్యాయుల మహాసభ నోటిమాట పద్ధతినే శ్రేష్ఠమని తీర్మానించెను. ఆ సభలో దాదాపు అందరును వినగలవారే! తరువాత అనేక బడులలో సైగ చేసిన పిల్లల చేతులు కట్టివేయుటయు జరిగినది. 2010లో వాంకూవరులో కూడిన అట్టి మహాసభయే ఆ తీర్మానమును త్రోసిపుచ్చి విచారము తెలిపెను. మన దేశములో భారతీయ సంజ్ఞా భాషకు 2015లో ఢిల్లీయందు ఒక సంస్థ ఏర్పడినది.

నా మట్టుకు నేను ఇట్లు తలంచుచున్నాను. బిడ్డకు మనము అచ్చియున్నది భాష. అది నోటిగుండ వచ్చిన సంతోషమే; దాని కొరకు ఆలస్యము చేయక సర్వ ప్రయత్నము చేయవలెను. కాని నోటిమాట వచ్చువరకు భాష లేకుండ బిడ్డను ఖాళీగా కూర్చుండబెట్టుట అన్యాయము. ఆకలి, దాహము తెలుపు నాలుగు సైగలతో సరిపెట్టుటయు అన్యాయమే. నిన్నను, రేపును, అబద్ధమును, క్షమాపణను చెప్పుకొనగల భాష లేక మనుష్యుడు ప్రార్థన యెట్లు నేర్చును? ప్రభువు ఆ చెవిటివానితో మొదట మాటలాడలేదు. సమూహములోనుండి ప్రక్కకు తీసికొనిపోయెను, చెవులు ముట్టెను, నాలుక ముట్టెను, ఆకాశము వైపు కన్నులెత్తెను. అవన్నియు కంటికి కనబడునవి, చేతికి తగులునవి. వాడు గ్రహింపగల రీతిని ముందు వానిని పలుకరించిన తరువాతనే నోట మాట పలికెను. మనమైతే చెవిటి మేళమని నవ్వుకొందుము. చెవిటివానిని తిట్టకూడదని లేవీయకాండము 19వ అధ్యాయములో ఆజ్ఞయున్నది. వానికి వినబడదు గదా, మరి ఎవరు వినుచున్నారని ఆ ఆజ్ఞ?

ఇదంతయు ఎందుకు వ్రాయుచున్నాననగా, మా సంఘములో పందొమ్మిది యేండ్ల యువకుడొకడున్నాడు. ఎనిమిదవ యేట గాని అతనికి చెవి మిషను దొరకలేదు. కొన్ని మాటలు పలుకును గాని క్రొత్తవారికి తెలియవు. కొబ్బరి వలుపు పనికి పోవుచు ఇంటికి ఆధారముగా నున్నాడు. ఆరాధనలో తన చెల్లెలి ప్రక్కన కూర్చుండి, ఆమె వ్రేలి వెంట బైబిలు చదువును. ఈ సంవత్సరము బాప్తిస్మము కావలెనని కాగితము మీద వ్రాసి ఇచ్చినాడు. పెద్దల కూటములో ఒక పెద్ద, నోటితో ఒప్పుకొనవలెనని యున్నది గదా అనెను. మాట పోయిన జెకర్యా పలక మీద వ్రాసి కుమారునికి పేరు పెట్టగా ఎవరును కాదనలేదని నేను చూపితిని. ఆ పెద్దకు ఇంకను తృప్తి కలుగలేదు. ప్రశ్నలు వ్రాసి ఇచ్చినను, మనస్సులోని సంగతి అతడు సైగలతోనే చెప్పును. అవి మనకు తెలియవు గదా అనెను.

ఆ సైగలు చెల్లెలికి తెలియును. వచ్చు ఆదివారము ఆరాధనయైన తరువాత ఆమె మొదట పెద్దలందరికిని కొన్ని సైగలు నేర్పునట్లు ఏర్పాటు చేసితిమి.