మనకెందుకొచ్చిన గొడవ?



రోడ్డు మీద ఎవరో బండి మీంచి పడతారు. నిమిషంలో గుంపు చేరుతుంది. తప్పెవరిదో అక్కడే తీర్పు కూడా ఇచ్చేస్తారు. సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. ఆటో ఆపేవాళ్లు మాత్రం కనపడరు. మనసు లేక కాదు, పోలీసులు, కోర్టులు, మనకెందుకొచ్చిన గొడవ అన్న భయం. ఒకప్పుడు ఆ భయంలో నిజం లేకపోలేదు.

కానీ 2016లో సుప్రీంకోర్టు, సాయం చేసేవాళ్లను కాపాడే మార్గదర్శకాలకు చట్టబలం ఇచ్చింది. 2019లో మోటారు వాహనాల చట్టంలో వాళ్లకోసమే 134ఎ సెక్షన్ చేరింది. గాయపడినవారిని ఆసుపత్రిలో చేర్చినవాళ్లు ఇష్టం లేకపోతే పేరైనా చెప్పనక్కర్లేదు. సాక్ష్యం చెప్పమని బలవంతం చేయకూడదు. ఈ హక్కులను ఆసుపత్రి గుమ్మం దగ్గర తెలుగులోనూ రాసిపెట్టాలి. మీరెక్కడైనా చూశారా?

ఇక సాయం కోసం 108 అంబులెన్సుకు ఫోన్ చేసినప్పుడు ఊరి పేరొక్కటే చెప్పి ఊరుకోకండి. ఏ బంకు ఎదురుగా, ఎటు వెళ్లే వైపు, ఎంతమందికి దెబ్బలు తగిలాయి, అన్నీ చెప్పండి. అంబులెన్సు వచ్చేలోగా గుంపును వెనక్కి జరపండి. జాలిపడి మంచినీళ్లు తాగించకండి. హెల్మెట్ పట్టుకుని లాగకండి.